మెస్సులన్నీ మా ఇంట్లనే

చిక్కడపల్లిల మా ఫ్లాట్ తలుపు కొట్టిన పిలగాడు చెప్పులు విడుసుకుంటనే అడిగిండు. "అన్నా, మీల్స్ అయిపోయినయా?"

"ఇది ఇల్లు తమ్మీ, మెస్ కాదు. జర మ్యాప్ చూసుడు నేర్చుకో," అని గదిమిన. మ్యాపుల సంగతి నా అంత తెలిసినోడు లేడని అప్పటికింక నాకు గట్టి నమ్మకం. అశోక్‌నగర్ హాస్టళ్లల్ల ఉండి సర్కారు పరీక్షలకు చదివేటోళ్లకు దగ్గర్ల మెస్ ఎక్కడుందో చూపెట్టే యాప్ అంతకు ముందు రోజే వదిలిన మరి.

పిలగాని పేరు ఓదెలు. "మ్యాప్ చూసుకుంటనే వచ్చిన అన్నా," అని ఫోన్ చూపెట్టిండు. నా యాపే. బుగ్గమ్మ మెస్ అని రాసి, బాణం గుర్తు మా ఇంటి మీద ఉంది.

నోరు తెరిచేలోపల ఇంకో ఇద్దరు మెట్లెక్కి వచ్చిన్రు. ఒకాయన నారాయణగూడ మెస్ కోసం, ఇంకొకాయన రాంనగర్ మెస్ కోసం.

నా భార్య ఉదయశ్రీ వంటింట్లకెల్లి తొంగి చూసింది. "నీ దోస్తులా? నిలబెట్టి మాట్లాడుతవేంది, కూసోబెట్టు!"

నిజం చెప్పడానికి మొఖం చెల్లలే. ఉదయశ్రీ ముగ్గురికి పప్పుచారు వడ్డించింది. నేను లాప్‌టాప్ పట్టుకొని బెడ్‌రూంల దూరిన.

డేటాబేస్‌ల ప్రతి మెస్‌కు ఒక పాయింట్ కాలమ్ ఉంటది. అక్షాంశం, రేఖాంశం కలిపి అండ్ల దాస్తం. డేటాబేస్‌ను ప్రోగ్రాంతో కలిపే లైబ్రరీల దాన్ని చదివేటందుకు రెడీమేడ్ కోడ్ ముక్క ఉందని, నాతో పనిచేసే అనురాగ్ ముందే చెప్పిండు. నా అంతటోనికి రెడీమేడ్ ఎందుకని సొంతంగ రాసిన. చదవరాకపోతే ఎర్రర్ ఇయ్యకుండ మా ఇంటి పాయింట్ ఇయ్యమని అండ్లనే పెట్టిన. డేటాబేస్ పంపేది ఉత్త బైట్లు, అంటే కంప్యూటర్‌కే తెలిసే అంకెలు; నా ముక్క ఎతికేది అక్షరాలు. ఒక్క మెస్‌ను గూడ చదవలే, అన్నీ తెచ్చి మా ఇంటి మీదనే పెట్టింది. మరి టెస్ట్ చేయలేదా అంటే, చేసిన. మా ఇంటి పక్క మెస్ చూపెట్టుమన్న, మా ఇల్లే చూపెట్టింది. భేష్ అనుకున్న.

అనురాగ్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పిన. "నవ్వకురా."

"నవ్వుతలేనన్నా," అన్నడు, నవ్వుకుంటనే.

నా రాతంత తీసేసి, లైబ్రరీ ముక్క పెట్టిన. మెస్సులు ఎక్కడియక్కడికి పోయినయి.

బయటికొస్తే హాలు నిండ మనుషులు. ఉదయశ్రీ ఇంకో కుక్కర్ పెట్టింది. ఓదెలు ఎడమ చేత్తోని ఫోన్ నొక్కుతున్నడు.

"బుగ్గమ్మ మెస్‌కు ఐదు స్టార్లిచ్చిన అన్నా. చారు మస్తుంది."

"మరి యాప్‌కు?"

నా మొఖం దిక్కు చూసి, "ఇంకా ఇయ్యలే," అన్నడు.

పెరుగు గిన్నె తెచ్చి, వద్దంటున్నా వినకుండ వాని కంచంల గుమ్మరించిన.