ఖాళీ కోటలో నౌబత్

ఢిల్లీలో ఏడాదికో పాదుషా మారుతున్న రోజులవి. నర్మద ఒడ్డున మా కోట నవాబుగారు, మరాఠాలు వస్తున్నారని వినగానే కాళ్లకు బుద్ధి చెప్పారు. పోతూ పోతూ ఊరగాయ జాడీలు సైతం ఎత్తించారు గాని, నలభై ఏళ్లుగా సింహద్వారం మీద నగారా వాయిస్తున్న నత్తూ మియా ఒకడున్నాడని గుర్తు రాలేదు. గొప్పవాళ్ల మతిమరుపు అంతే.

నత్తూ మియా కూడా మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయేవాడే. కానీ తెల్లవారుజామున కూతురు సకీనాకు నొప్పులు మొదలయ్యాయి. "ఇప్పుడు బండెక్కిస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు," అని మంత్రసాని బన్నో తెగేసి చెప్పింది.

పొద్దు పొడిచేసరికి నది నిండా పొగమంచు. అందులోంచి ముందు బల్లేల మొనలు కనిపించాయి, తర్వాత గుర్రాల చెవులు, ఆ తర్వాత గుర్రాలు. నీళ్ల మీద నడిచొస్తున్నట్టే ఉన్నాయి, చప్పుడే లేదు. నత్తూ మియా సింహద్వారం కింద కూతురున్న గదివైపు చూశాడు. తలుపులు బద్దలుకొట్టి నిప్పు పెట్టేవాడు, లోపల పురుడు జరుగుతోందా అని అడిగి పెడతాడా?

అతనికి చేతనైంది ఒక్కటే. మెట్లెక్కి నగారా మీద దెబ్బ వేశాడు. దొర కోటలో ఉంటేనే జాముజాముకూ నౌబత్, అంటే ఈ నగారా మేళం, మోగుతుంది. దొర ఉంటే ఫిరంగులూ ఉంటాయి. ఇది ఆ చుట్టుపక్కల పసిపిల్లలకు కూడా తెలుసు. గుర్రాలు ఇసుకలో ఆగిపోయాయి.

జాము గడిచింది, మళ్లీ వాయించాడు. మంచు విడవలేదు. రౌతులు దిగి జొన్నరొట్టెలు కాల్చుకుంటున్నారు. ఆ పొగా ఈ మంచూ కలిసిపోయి, తన నగారాను అవతలి ఒడ్డున ఇంకెవరో వాయిస్తున్నట్టు వినిపించింది. బతికే ఉన్నానా అని ఒకసారి తొడ గిల్లుకుని చూసుకున్నాడు.

మూడో జామున కింద కేరుమని ఏడుపు.

"ఆడపిల్ల, మియా. నీ నగారా నయం, దీని గొంతు ముందు," అంది బన్నో.

ముసలాడి చేతులు ఆగలేదు. ఏం వాయిస్తున్నాడో తెలిసేలోపే పుట్టుక బాణీ మోగిపోయింది. నవాబు ఇంట బిడ్డ పుడితేనే మోగాల్సిన బాణీ అది. నవాబుగారికి సంతానం లేదని నర్మదలో చేపలకు కూడా తెలుసు. నాలుక కరుచుకున్నాడు గాని ఏం లాభం? ఒడ్డున ఎవడో పకపకా నవ్వాడు.

గుమ్మం దగ్గరికి ఒకే ఒక్క రౌతు వచ్చాడు, యేసాజీ అట అతని పేరు. నత్తూ మియా చేతిలో పుల్లలతోనే దిగి తలుపు తీశాడు.

"నవాబేడీ, చాచా?"

"నిన్ననే పారిపోయాడు."

"మరి పొద్దుట్నుంచీ ఈ మోత ఎవరి కోసం?"

"నా మనవరాలి కోసం. ఇప్పుడే పుట్టింది. నన్నేమైనా చేసుకో నాయనా, ఆ గదివైపు మాత్రం వెళ్లకండి."

యేసాజీ గుర్రం మీంచే ఆ ఏడుపుకు చెవి ఒగ్గాడు. తర్వాత గుర్రం దిగి, నడుముగుడ్డలోంచి బెల్లంముక్క తీసి ముసలాడి అరచేతిలో పెట్టాడు.

"కొత్త దొర కోటలోనే ఉందిగా, చాచా. ఆపావెందుకు? వాయించు."

సాయంత్రానికి బురుజు మీద కొత్త జెండా లేచింది. గుర్రాలన్నిటినీ కళ్లేలు పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ లోపలికి తెచ్చారు. పైన నత్తూ మియా, నలభై ఏళ్లలో మొదటిసారి తన వాళ్ల కోసం, ఏడుస్తూ వాయిస్తున్నాడు.