ఒక్క బల్ల చుట్టూ పట్టిన సభ

శాసనసభలో కుర్చీలు ఊడదీసే పని దొరికిన రోజున వడ్రంగి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. మూడు వందల మంది కూర్చునే సభను పదిహేను మందికి కుదించారు. "ఇంతమందితో గోల తప్ప పని జరగడం లేదు. కొద్దిమందైతే చకచకా సాగిపోతుంది" అని అధినేత ప్రకటిస్తే జనమంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో మీవీ నావీ కూడా ఉండి ఉండవచ్చు.

పక్కింటి నర్సమ్మ ఒక్కతే మూతి ముడుచుకుంది. ఆసుపత్రి ఉద్యోగం విరమించాక, ఆ నాలుగు వీధుల తరఫున పాత సభలో కూర్చున్న మనిషి ఆమె.

"మీ కుర్చీ కూడా నా చేతుల మీదుగానే పోతోంది నర్సమ్మగారూ, కోపం లేదు కదా?" అని వడ్రంగి ఆటపట్టించాడు.

"కుర్చీదేముందిలే నాయనా. రేపు నీకేదైనా అయితే ఎవరి దగ్గరికి పరిగెత్తుతావు?"

"నాకేమవుతుందండీ? నా పనేదో నేను చేసుకునేవాణ్ణి."

కొత్త సభకు ఒక చిన్న గది, ఒక పెద్ద కోలబల్ల చాలన్నారు. బల్ల ఆ గది తలుపులోంచి పట్టదని వడ్రంగి దాన్ని రెండు ముక్కలుగా చేసి, లోపల అతికించాడు. నెల తిరగకముందే అతుకు వదులై, ఎవరు మోచెయ్యి ఆనించినా కిర్రుమనసాగింది. ఒక మధ్యాహ్నం సభ్యులు భోజనానికి వెళ్లినప్పుడు అతను బోల్టులు బిగించడానికి కిందికి దూరాడు. వాళ్లు అనుకున్నదానికన్నా ముందే తిరిగి వచ్చారు. పెద్దల మధ్య నుంచి పాకుతూ ఎలా బయటికి రావడమా అని అతను సిగ్గుపడి తటపటాయిస్తుండగానే తలుపులు మూసేశారు.

అక్కడి నుంచి అతనికి కనిపించినవి కాళ్లు మాత్రమే. అధినేత కూర్చోలేదు. ఆయన బూట్లు కుర్చీల వెనక నెమ్మదిగా తిరుగుతున్నాయి.

"అనుమానం ఉంటే ఎవరినైనా తీసుకెళ్లవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు, కోర్టుకు చూపించనక్కర్లేదు. ఇదీ చట్టం. రేవులో కూలీలను రెచ్చగొట్టేవాళ్లతో ఇవాళే మొదలుపెడదాం."

అరిగిపోయిన తాళ్లతో బరువులు ఎత్తించవద్దని రేవులో అందరి ముందూ అడిగినవాడు వడ్రంగి సొంత తమ్ముడు.

"కాస్త ఆలోచించుకోవడానికి రెండు రోజులు..." అని ఒక సభ్యుడు నసిగాడు.

బూట్లు ఆ కుర్చీ వెనక ఆగాయి.

"తప్పకుండా ఆలోచించండి. మీ అమ్మాయి హాస్టల్లోనే కదా ఉంటోంది?"

అంతే. ఆ సభ్యుడి కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకున్నాయి. ఒక మడమ నేలమీద టకటకా కొట్టుకుంటూనే ఉంది. "సమ్మతమే" అన్నాడతను. గొంతు పట్టి చూస్తే, కొత్త సభ ఎన్నికల్లో వడ్రంగి ఓటేసినవాడే! మిగతావాళ్లూ వరసగా సమ్మతమే అన్నారు. ఒక్కొక్కరి వెనక ఒక్క క్షణం నిలబడడానికి అధినేతకు ఎంతోసేపు పట్టలేదు.

గది ఖాళీ అయ్యాక వడ్రంగి పనిముట్లు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఇంట్లో తమ్ముడు అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు.

"లేరా! వెనక తలుపులోంచి పో!"

"ఏమైందన్నయ్యా? నేనేం దొంగతనం చేశానా? ఏదున్నా కోర్టులో చెప్పుకుంటాను. వదినా, కాస్త నీళ్లివ్వు."

"కోర్టు లేదురా పిచ్చోడా!"

అతని నోటి మాట నోట్లోనే ఉంది, వీధిలో వాహనం ఆగింది. వచ్చినవాళ్లు చెప్పులు కూడా తొడుక్కోనివ్వలేదు. "మా మరిదిని ఎందుకు తీసుకెళ్తున్నారు?" అని వడ్రంగి భార్య అడ్డం నిలబడితే, "చెప్పే పని లేదమ్మా, చట్టం" అన్నారు. వాళ్లు మర్యాదగానే అన్నారు. అందుకే ఆమెకు మరింత భయం వేసింది.

వడ్రంగి నర్సమ్మ గుమ్మంలో కూలబడి, బల్ల కింద చూసిందీ విన్నదీ అంతా చెప్పాడు. "మీరుంటే అడిగేవారు కదమ్మా?"

"అడిగేదాన్ని. నేను భయపడితే ఇంకొకరు అడిగేవారు. మూడు వందల మంది వెనకా ఒక్కడే నిలబడలేడు నాయనా. అలాగని వేలమందిని పోగేసినా లాభం లేదు. ఎవరి మాటా ఎవరికీ వినపడక పెత్తనం మళ్లీ ఒక్కడి చేతికే పోతుంది."

"నా తమ్ముడు తిరిగొస్తాడా?"

అబద్ధం చెప్పడం ఇష్టంలేక ఆమె అతని భుజం పట్టుకుని లేవదీసింది. వీధిలో తలుపులన్నీ ఓరగా తెరుచుకుని ఉన్నాయి. వాటి వెనక తొంగిచూస్తున్న ముఖాలు.

"నువ్వు విన్నది వాళ్లకు చెప్పు. వణుకుతూనే చెప్పు, ఫరవాలేదు. పని తొందరగా కావాలని మనం సభను కుదించుకున్నాం. ప్రభుత్వానికి హద్దు గీయవలసినవాళ్లు ఒక్క మనిషి భయపెట్టగలిగినంత కొద్దిమందైతే, ఆ ప్రభుత్వం మన గుమ్మం దగ్గర కూడా ఆగదు."