మాట్లాడకూడని పదకొండు నిమిషాలు

పన్నెండున్నర గంట మోగగానే బడి మొత్తం బల్లల మీద తల వాల్చింది. షియుమాన్ వరండాలో చప్పుడు కాకుండా నడిచి, మూడో తరగతి కిటికీని గోటితో రెండుసార్లు తట్టింది. ఆరుగురు పిల్లలు మునివేళ్ళ మీద బయటికి వచ్చారు.

కీలుంగ్ రేవు పక్కనున్న ఆ బడిలో మధ్యాహ్నం కునుకు పాఠమంత ఖచ్చితం. నిద్ర రాకపోయినా కళ్ళు మూసుకోవాల్సిందే. ఆ నలభై నిమిషాలను షియుమాన్ పద్దెనిమిదేళ్ళుగా దొంగిలిస్తోంది. మేడ మీద, డాబాకెక్కే మెట్ల కింద చీపుళ్ళ గది ఖాళీ చేయించి, పొట్టి స్టూళ్ళు వేయించింది. చదవడం రాక వెనకబడ్డ పిల్లలు అక్కడికి వస్తారు. పక్కన కూర్చుని వినడానికి పిల్లకొకరు చొప్పున చుట్టుపక్కల పెద్దవాళ్ళు. జీతం లేదు.

ఆమె పొట్టి మనిషి. చేపల ఉండల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్ళు మంచునీళ్ళలో నానిన వేళ్ళు కణుపుల దగ్గర ఉబ్బి, పూర్తిగా ముడుచుకోవు. నలభై రెండో ఏట పెద్దవాళ్ళ బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. మొదటిసారి బస్సు మీద ఊరి పేరు చదివిన రోజున ఆ బస్సు ఎక్కలేదు. వెనక వచ్చేదాన్ని కూడా చదువుదామని నిలబడిపోయింది.

గదిలో ఆమె పెద్దవాళ్ళకు తలా ఒక ఎండు ఆలుబుఖారా ఇచ్చింది. ఉప్పులో ఊరినది, నాలుక ముడుచుకుపోయేంత పులుపు. పిల్లలకు లేదు. పిల్ల చదువుతున్నంతసేపూ పెద్దవాళ్ళ నోట్లో పండు ఉండాలి. పిల్ల ఒక మాట దగ్గర ఆగితే పెద్దవాళ్ళ నాలుక దురద పెడుతుంది. అందించేస్తారు. అందించిన మాట పిల్లది కాకుండా పోతుంది. అదీ షియుమాన్ లెక్క.

"నా పండు చిన్నదక్కా," అంది నూడుల్స్ దుకాణం మెయ్‌ఫాంగ్.

"నీ నోరు పెద్దదే. ఇంకోటి పెట్టుకో."

అప్పుడే తూ మాస్టారు తలుపు తోసుకుని వచ్చాడు. బడిలో చదువుల వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. చేతిలో ఒక కాగితం. ఆ ఆరుగురిలో ఒకతైన పెయ్‌జెన్‌ను సోమవారం నుంచి తరగతి మార్చాలని, మందబుద్ధి పిల్లలతో కూర్చోబెట్టాలని దాని సారాంశం. ఏడాది నేర్పినా చదవలేకపోతోందని షియుమాన్ సంతకానికి బదులు తన పేరు చెక్కిన ముద్ర వేసి ధ్రువీకరించాలి.

"మీ ముద్ర ఒక్కటే తక్కువమ్మా."

"పిల్ల చదవడం విన్నారా?"

"నిమిషం పాటు విన్నాను. నాలుగు అక్షరాలు."

"ఆ తర్వాత?"

"నిమిషం అయిపోయింది కదా!"

షియుమాన్ ఒక పండు తీసి ఆయన ముందు చాపింది. "నోట్లో పెట్టుకోండి. పేజీ అయ్యేదాకా మాట్లాడకూడదు."

మెయ్‌ఫాంగ్ నవ్వు ఆపుకోలేక దగ్గింది. అంతమంది చూస్తుండగా కాదనలేక తూ మాస్టారు స్టూలు మీద కూర్చుని పండు నోట్లో వేసుకున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

తొమ్మిదేళ్ళ పెయ్‌జెన్ పుస్తకం తెరిచింది. పెంకు వదిలిన ఒక పీత కథ. మొదటి వాక్యం నడిచింది. రెండో వాక్యం మధ్యలో ఆగింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. పై కిటికీ మీద వాన. తూ మాస్టారి బుగ్గ కదిలింది. వేలు పుస్తకం వైపు జరిగింది. షియుమాన్ ఆ వేలిని పట్టుకుని ఆయన మోకాలి మీదే పెట్టేసింది.

పెయ్‌జెన్ వాక్యం మొదటికి వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఈసారి దాటింది. అలా ఆగుతూ, వెనక్కి వెళ్తూ, పేజీ చివరికి చేరింది. తల ఎత్తింది.

"అమ్మమ్మా, ఈ పీత అబద్ధం చెప్తోంది. నాకేం భయం లేదంటోంది. మరి రాయి కిందికెందుకు దూరింది?"

షియుమాన్ తూ మాస్టారి వైపు చూసింది. ఆయన గింజను రుమాలులోకి ఉమ్మి, గడియారం చూశాడు.

"పదకొండు నిమిషాలు."

"ఔను. చదివింది."

"పదకొండు నిమిషాలమ్మా! పరీక్షలో ఎవరు ఆగుతారు?"

"మీరు ఆగారుగా. చచ్చిపోలేదు."

ఆయన ఆమెను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించాడు. మనిషి చెడ్డవాడు కాదు. తొందర మనిషి. "మీకు డెబ్బై ఏడు. డెబ్బై అయిదు దాటినవాళ్ళకి బీమా రాదు, బీమా లేనివాళ్ళని బడిలో ఉండనివ్వకూడదు. ఇన్నాళ్ళూ చూసీచూడనట్టు ఊరుకున్నాం. దీని మీద ముద్ర పడితే ఇకముందూ ఊరుకుంటాం. మీరు కిందికి దిగక్కర్లేదు. ముద్ర ఆఫీసు సొరుగులోనే ఉందిగా. ఊఁ అనండి చాలు, చింగ్‌యి వేసేస్తుంది."

హాజరు పట్టీ మీద వేయడానికి అందరి చెక్క ముద్రలూ ఆఫీసులోనే ఉంటాయి. అందరిలాగే షియుమాన్ కూడా పద్దెనిమిదేళ్ళ కిందట తన పేరును అక్కడ వదిలేసింది. అది తప్పని ఇప్పుడు తెలిసింది.

ఊఁ అనలేదు. మెట్లు దిగింది.

ఆఫీసులో గుమాస్తా చింగ్‌యి కూడా బల్ల మీద తల పెట్టి నిద్రపోతోంది. షియుమాన్ సొరుగు లాగింది. నలభై దాకా ముద్రలు. ఒక్కొక్కటే తిప్పి, తిరగబడ్డ పేర్లను చదువుతూ పోయింది. తొందరపడలేదు. ముప్పై మూడోది ఆమెది. పిడికిట్లో పెట్టుకుంది.

చింగ్‌యి ఉలిక్కిపడి లేచింది. "ఏంటమ్మమ్మా?"

"నా పేరు తీసుకెళ్తున్నా."

"అయ్యో, ఆ కాగితం మీద మీ ముద్ర పడకపోతే ఈ ఏడాదంతా కదలదు!"

"అందుకే."

"మరి మీరు? మాస్టారు మిమ్మల్ని రానివ్వరు."

"రాను. సోమవారం నుంచి మెయ్‌ఫాంగ్ దుకాణంలో, బడి వదిలాక. వెనక రెండు బల్లలు ఖాళీగానే ఉంటాయి. ఎవడి బీమా అక్కర్లేదు. పీత పుస్తకం తెమ్మని పెయ్‌జెన్‌కి చెప్పు. రెండో పేజీ ఉంది."

కునుకు గంట మోగింది. చొక్కా చేతుల మడతలు బుగ్గల మీద అచ్చుపడ్డ పిల్లలు తలలెత్తారు. అప్పటికే షియుమాన్ గేటు దాటి, పిడికిలి విప్పకుండా వానలో నడుస్తోంది.

ఆఫీసు గుమ్మం పక్కన ప్లాస్టిక్ బకెట్లో, ఆమె వదిలేసి వెళ్ళిన, ఊచ ఒకటి వంగిన ఆకుపచ్చ గొడుగు నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.