వెదురు ఎత్తిన ఇల్లు

కెనడాలోని మిస్సిసాగాలో ఎలియాజరుగారు ఏటా మే నెలలో వీధి గుమ్మం ముందు ఇంకో మెట్టు కట్టుకునేవారు. పెరటి వెదురు ఇంటి కిందికి పాకి, మంచు కరగగానే ఇంటిని జానెడు పైకెత్తేది మరి. ఎలాగూ లేస్తుంది కదా అని, ముందుచూపుతో బేస్‌మెంట్‌కి పెరట్లోకో తలుపు కూడా పెట్టించారు. ప్రస్తుతానికి దాని పై జానెడే నేల మీద ఉంది. మిగతాదంతా మట్టిలో. తాళంచెవి లోపల మేకుకి వేలాడుతోంది.

ఆ బేస్‌మెంట్‌లో కాలేజీలో చదివే భవిత అద్దెకుండేది. బయటికి రావాలంటే మెట్లెక్కి, ఎలియాజరుగారి భార్య మార్తా ఆంటీ వంటింట్లోంచే దారి. రాత్రి భోజనాలవగానే ఆంటీ ఆ తలుపుకి తాళం వేసి, పొద్దున ప్రార్థన అయ్యాకే తీసేవారు. మారిపోదామంటే, ఆ ఏడు ఊరంతా విద్యార్థులే; మెట్ల కింద చోటుకి కూడా పోటీ.

ఇంతలో భవితకి బేకరీలో పని దొరికింది. సోమవారం తెల్లవారుజామున చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

"ఒక్క తాళంచెవి ఇవ్వండి ఆంటీ."

"చీకట్లో ఆడపిల్లవి ఎక్కడికే? కూతురిలా చూసుకుంటానని మీ అమ్మకి చర్చిలో అందరి ముందూ మాటిచ్చాను."

"మీ అమ్మాయి ఏనీకి కూడా ఇలాగే తాళం వేశారా?"

"వెయ్యలేదు. వాంకోవర్ వెళ్లి కూర్చుంది. ఫోనెత్తదు."

శనివారం పక్కింటి మధుసూదన్ వచ్చాడు. "అంకుల్, మీ వెదురు మా లాన్‌లో పొడుచుకొచ్చింది. మా ఇల్లు కూడా లేస్తే మెట్లు ఎవరు కడతారు?"

ఎలియాజరుగారు, భవిత కలిసి కంచె పొడవునా నడుములోతు తవ్వారు. అటు పోయే వేళ్లన్నీ నరికి, దళసరి ప్లాస్టిక్ షీటు నిలబెట్టి, దాని అంచు పైకి కనబడేలా మట్టి కప్పారు.

"ఇక చచ్చిపోతుందా అంకుల్?"

"వెదురా? దారి మూస్తే వెనక్కి తిరుగుతుంది, అంతే."

"వెనక్కంటే ఇంటి కిందికేగా?"

"ఇంకెక్కడికమ్మా!"

భవిత పైపు తెచ్చి వెదురు మొదళ్లు నానేదాకా నీళ్లు పెట్టింది.

"దానికి నీళ్లెందుకే?" అన్నారు ఆంటీ.

"దాహమేస్తుందేమోనని."

సోమవారం అలారం మోగకముందే మంచం ఊగింది. నేల కింద కణుపులు సాగుతున్న చప్పుడు. తలుపు అద్దం మీంచి మట్టి జారిపోయింది. గడ్డి అద్దం దిగింది, గొళ్లెం దిగింది, చివరికి గడప దగ్గర ఆగింది. భవిత మేకు మీది తాళంచెవి తీసుకుని, బయటికొచ్చి, జాగ్రత్తగల పిల్ల కనుక తాళం వేసి వెళ్లింది.

ప్రార్థన ముగించి మార్తా ఆంటీ పనికి బయల్దేరి వీధి తలుపు తీస్తే, పై మెట్టు నిలువెత్తు కిందుంది.

"మెట్లకి చెక్క కొనుక్కురావాలి," అన్నారు ఎలియాజరుగారు. "కొనాలంటే దిగాలి."

ఆంటీ వంటింటి తాళం తీసి కిందికి పరుగెత్తారు. పెరటి తలుపూ రాలేదు; మేకు మీద తాళంచెవి లేదు.

మధ్యాహ్నం భవిత వేడి రొట్టెతో వచ్చేసరికి ఆంటీ ఆమె మంచం మీదే కూర్చుని ఉన్నారు.

"పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నానే. నీ గదిలో గాలే ఆడదేమే?"

"చెవి ఒకటే ఉంది ఆంటీ. మీకొకటి చేయిస్తా."

ఆంటీ కొంగు ముడి విప్పి వంటింటి తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు.

"దీనికీ ఒకటి చేయించు."