సర్వరు చెప్పిన కబురు

కలకత్తాలోని ఆ పుస్తకాల పంపిణీ ఆఫీసులో నెలాఖరు లెక్కలు ఎందుకంత నత్తనడక నడుస్తున్నాయో తేల్చే పనిని మేనేజరు బరుణ్‌దా శర్మిష్ఠ నెత్తిన పెట్టాడు.

"ఆ లెక్కల ప్రోగ్రాము నీ తమోఘ్న రాసిందేగా, నువ్వే చూడు," అన్నాడు మరమరాలు నములుతూ.

"నా తమోఘ్న ఏంటి బరుణ్‌దా. అతను పూణే వెళ్లి రెండేళ్లయింది."

"అయినా పేరెత్తితే మూతి ముడుస్తావుగా."

అది కోపమైతే బాగుండేది. చెప్పకుండా వెళ్లిపోయిన మనిషి కోసం ఆమె ఇప్పటికీ తలుపు చప్పుడైతే తలెత్తి చూస్తుంది.

డేటాబేస్ సర్వరుకు ఓ అలవాటుంది. పని చేస్తూ చేస్తూ, తప్పులు కానివి కూడా నోటీసులని ఏవో కబుర్లు చెబుతూ ఉంటుంది. ఆ సొద భరించలేక, లెక్కలు చూపించే పీహెచ్‌పీ పేజీ వాటిని పట్టించుకోకుండా ఒకప్పుడు శర్మిష్ఠే ఆపేసింది. శుభ్రత పిచ్చి మరి. లెక్కలు ఎక్కడ ఆగుతున్నాయో చూడ్డానికి ఇవాళ తప్పక మళ్లీ తెరిచింది. నోటీసు ఇమ్మంటే, "నెల లెక్కలు ముగిశాయి" అని ఒక్క ముక్క వచ్చింది. ఊరికే అడిగితే చివరిదే ఇస్తుందని గుర్తొచ్చి, అన్నీ ఇమ్మంది.

పట్టికల గురించి ఏవేవో వరుసలు. వాటి నడుమ ఒకటి: "శర్మీ, పూణే ఉద్యోగానికి ఇంకా ఒప్పుకోలేదు. నువ్వు ఉండమంటే ఉండిపోతాను."

లెక్కలు నడిపినప్పుడల్లా సర్వరు చెప్పేలా తమోఘ్న ప్రోగ్రాములో రాసి పెట్టిన కబురది. వెళ్లే ముందు తమోఘ్న పదే పదే అడిగాడు, లెక్కలు నడిపావా, సర్వరు ఏమీ అనలేదా అని. "ఏమంటుంది, నోరు మూసుకుని పని చేసింది," అని తను నవ్వింది కూడా. పిచ్చివాడు, ఆ నవ్వే జవాబనుకున్నాడు.

మెట్ల మీదికి వెళ్లి ఫోన్ చేసింది.

"తమోఘ్న, నువ్వు సర్వరులో రాసింది ఇవాళ చూశాను."

"ఇవాళా?"

"నోటీసులు ఆపేసింది నేనే. ఒట్టు, నాకు తెలీదు. తెలిస్తే ఉండమనేదాన్ని."

"నోరు విప్పి అడగాల్సింది శర్మీ, నేను."

అతని వెనక ఎవరో ఆడమనిషి, అన్నం చల్లారిపోతోంది, ఎవరది అని అడిగింది.

"పాత ఆఫీసు వాళ్లు," అన్నాడతను. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. శర్మిష్ఠా పెట్టెయ్యలేదు.