దుప్పట్ల కింద దాచిన నోట్‌బుక్కు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే సంగతి కాదిది.

మా అబ్బాయి కూతుర్ని నేను పిచ్చుకా అని పిలుస్తాను. ఇరవై రెండేళ్లది, కళ్లజోళ్ల దుకాణంలో పని. పోయినేడాది అది ఎక్కిన బస్సు బోల్తా పడింది. ఒంటి మీద నాలుగు గీరుకుపోయిన గాయాలు, అంతే. అమ్మయ్య అనుకున్నాం మేమంతా. కానీ ఆనాటి నుంచి తలుపు దబ్బున మూసుకుంటే చాలు, దానికి ఊపిరాడేది కాదు. బస్సు మానేసి పనికి నడిచి వెళ్లేది. తన మొహం తను చూసుకోవడం మానేసింది. రోజంతా జనానికి కళ్లజోళ్లు పెట్టి అద్దం చూపించే పిల్ల!

కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది నేనే. ప్రతి మంగళవారం బయట బెంచీ మీద కూర్చునేదాన్ని. మూడో వారం ఒక నోట్‌బుక్కు పట్టుకుని బయటికొచ్చింది.

"ఏమిటే అది?"

"నోటితో చెప్పలేనివి రాసుకోమంది నానమ్మా. ఎవరికీ చూపించక్కర్లేదట. ఆవిడక్కూడా."

"ఎవరూ చదవనిది రాసి ఏం లాభం?"

"నువ్వు వంటింట్లో గొణుక్కుంటావు కదా, ఎవరు వింటున్నారని?" అని నవ్వింది. ఆర్నెల్ల తర్వాత మొదటి నవ్వు.

ఆ నోట్‌బుక్కు నా బీరువాలో, దుప్పట్ల కింద పెట్టింది. "ఇక్కడుంటుంది నానమ్మా" అంది, అంతే.

అచ్చు అక్షరాలైతే నేను వేలు పెట్టి కూడబలుక్కుంటాను. చేతిరాత నాకు కోడి గీతలే. అయినా నా బుర్రకు ఏం తోచిందో చూడండి. నా బీరువాలో పెట్టిందంటే నేను తెలుసుకోవాలనే కదా, నోరు విప్పలేక ఇలా చెప్పింది కాబోలు అనుకున్నాను. నెలరోజులు ఉగ్గబట్టుకుని, ఒక మధ్యాహ్నం తీసి కోడలి చేతిలో పెట్టాను.

"కాస్త చదివి పెట్టమ్మా."

"మన పిల్లదే కదా అత్తయ్యా" అంటూ కోడలు చదివింది. రెండు పేజీలు. మూడోది తిప్పలేకపోయింది. ఇద్దరం ఏడ్చాం. చదివిన సంగతి పిల్లకు కూడా తెలియనివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాం.

ఆ ఒట్టు సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పిచ్చుక గుమ్మంలో అడుగు పెట్టగానే కోడలు వాటేసుకుంది. "ఆ రోజు నీ తప్పేం లేదు తల్లీ! ఇన్నాళ్లు ఒక్కదానివే ఎలా మోశావే?"

పిల్ల కొయ్యబారిపోయింది. తల్లి వంక కాదు, నా వంక చూసింది.

"నీకు చేతిరాత చదవడం రాదనే నీ దగ్గర దాచాను నానమ్మా."

"నాకోసమే పెట్టావనుకున్నానే..."

"అనుకుంటే నన్నడగాలి. పక్కనే పడుకుంటున్నానుగా!"

 

తర్వాతి మంగళవారం నేను బయలుదేరబోతే "నువ్వు రానక్కర్లేదు" అంది. నాలుగు వారాలు ఒక్కతే వెళ్లింది. ఐదో వారం నా వైపు చూడకుండానే, "బెంచీ దాకా రా. లోపల ఏమైందని అడక్కూడదు" అంది. వెళ్లాను. అడగలేదు. ముందులా నా ఒళ్లో తల పెట్టదు. నోట్‌బుక్కు ఇప్పుడెక్కడుందో నేను వెతకను.

ఇంతవరకు చెప్పొచ్చని పిచ్చుకే ఒప్పుకుంది, దాన్ని అడిగే మొదలుపెట్టాను. ఆ రెండు పేజీల్లో ఏముందో మాత్రం మీరు అడగొద్దు. నేను చేసిన పని గుర్తుంచుకోండి. ఈడొచ్చిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ ఒక్కటే చెప్పండి.