పగలు వెలిగే పచ్చలైటు

కీబోర్డు మూలన పచ్చలైటు వెలిగింది. సోని సంబరంగా కెవ్వుమని అరిచి ధర్మ మెడ పట్టుకుని ఊగిపోయింది. పెళ్ళై నెల తిరగని మొగుడు, చేతిలో టీ ఒలకకుండా చూసుకుంటూ తానూ నవ్వేశాడు.

"అంకెలు పడతన్నాయేటి?"

"సూడు మరి!"

నాలుగు, ఏడు, తొమ్మిది తెరమీద టపటపా పడ్డాయి.

పాచిపెంట కొండమీది ఆ ఊళ్ళో పసుపు రైతుల సంఘానికున్నది ఒక్క పాత కంప్యూటరు. కాటా పక్కనే, ధర్మ ఇంటి అరుగుమీద ఉంటుంది; తూకం లెక్కలన్నీ అందులోనే. కీబోర్డు పైవరస అంకెలు ఎప్పుడో చచ్చాయి. కుడిపక్కవే దిక్కు, అవి పడాలంటే నమ్‌లాక్ లైటు వెలగాలి. సోలారు బ్యాటరీతో బతికే ఆ ఇంట్లో అత్త రాజులమ్మ పగలు దీపం వెలగనివ్వదు. పచ్చలైటు కనబడ్డప్పుడల్లా రోకలి పట్టిన వేలితో నొక్కి ఆర్పేది. నొక్కీ నొక్కీ ఆ బొత్తం కాస్తా చచ్చింది.

కొత్త కీబోర్డు సాలూరు నుంచి రావాలి. తూకమేమో రేపే. సాయంత్రంలోగా అంకెలు పడకపోతే తూకం కొండ కిందకి, షావుకారు సూరిబాబు కొట్టుకి మారుతుంది. ఆయన కాటా ఎటు మొగ్గుతుందో ఊరందరికీ తెలుసు.

డిగ్రీ చదివిన సోని ఊరుకుంటుందా! సిగ్నలందే బండమీద కూర్చుని ఫోన్లో వెతికింది. బొత్తంతో పనిలేకుండా, కమాండు కొడితే లైటు వెలిగించే చిట్టి ప్రోగ్రాము దొరికింది. ఫోన్లోకి దించుకొచ్చి కంప్యూటర్లో వేసి "నమ్‌లాక్‌ఎక్స్ ఆన్" అని కొట్టింది. అంతే!

ఇంతలో జీపు ఆగింది. సూరిబాబు దిగుతూనే వెంట వచ్చిన కూలీలతో, "ఆ కంప్యూటరు పెట్టె జీపెక్కించండ్రా! కొండమీద కంప్యూటరేటమ్మా, గొర్రెకి గొడుగు పట్టినట్టు?" అన్నాడు.

"గొడుగు బాగానే నప్పింది బాబూ, సూడండి," అంటూ సోని అంకెలు కొట్టి చూపించింది.

ఆయన బొత్తాన్ని వేలితో పొడిచాడు. లైటు ఆరలేదు.

"రేపటికి ఆరిపోద్దిలే."

"ఆరితే మళ్ళీ ఎలిగిత్తాను. ఒక్క లైనే కదా!"

చప్పుడు విని రాజులమ్మ బయటికొచ్చింది. పట్టపగలు వెలుగుతున్న లైటు కేసి చూసింది. సోని గబుక్కున లైటుకి చెయ్యి అడ్డం పెట్టింది. అత్త చూపు మెల్లగా షావుకారు మీదికి తిరిగింది.

"ఎలగనీయే గుంటా. పగలల్లా ఎలగనీ."

సోని నడుముకి చెంగు బిగించింది.

"ఇన్నారా బాబూ? రేపు పొద్దున్నే తూకం ఈ అరుగుమీదే. మీ కాటా కూడా తెండి. ఒకే బస్తా రెండిటిమీదా పెడదాం."